తుడవాల్సిన గీతలు

“గంట టైముంది మామయ్యా. నువ్వు ఊఁ అంటే ఉంచుతాను, వద్దంటే తుడిచేద్దాం. ఎందుకని కూడా అడగను,” అని చెప్పి మేనకోడలు బట్టలు మార్చుకోవడానికి వెళ్లింది. పోయేది పోక, గోడ వారన బకెట్ నిండా నీళ్లూ, దాని అంచున మడతపెట్టిన గుడ్డా పెట్టి మరీ వెళ్లింది. మేస్త్రి బెంచీ మీద కూర్చుని ఆ బకెట్ వంక చూశాడు. గోడ వంక చూడటానికి ఇంకా ధైర్యం చాల్లేదు. ఆరింటికి ప్రదర్శనకి తలుపులు తీస్తారు, జనం వస్తారు, వాళ్లతో పాటు ఇంజనీరుగారూ వస్తారు. “ఆయన వస్తానన్నారు మామయ్యా, నీకు ఇబ్బందయ్యేదేమీ లేదులే,” అని పిల్ల పొద్దున చెప్పింది. ఇబ్బంది లేదు అని ఎవరైనా చెప్పారంటే ఎక్కడో ఉందనే లెక్క. ఆ మాట విన్నప్పట్నుంచీ ఆయనకి మింగుడుపడటం లేదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, నలభై ఏళ్లు పరంజాల మీద కోతిలా తిరిగిన మనిషి, ఈ చల్లటి గదిలో, చెప్పులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియక, కాళ్లు బెంచీ కిందకి ముడుచుకుని కూర్చున్నాడు.

చివరికి తలెత్తాడు. గది ఒకప్పుడు గోడౌనట, అందుకే గోడ రెండు నిలువులు దాటి ఉంది. తెల్లటి సున్నం మీద నీలం సుద్దతో ఒకే ఒక్క పెద్ద గుండ్రం. లోపల మూడు భుజాల బొమ్మ. గుండ్రం పొడవునా ఏడు గుర్తులు, ఒక్కో గుర్తు దగ్గర మేకు కొట్టి దారం తిప్పి గీసిన వంపు గీతలు ఏడు, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయాయి. అంతే. నక్షత్రం లేదు, ఆకు లేదు, తీగ లేదు. ఊళ్లోవాళ్లకి ఇది బొమ్మ కావచ్చు, మేస్త్రికి మాత్రం ఇది మార్కింగు. పనివాడు పని మొదలుపెట్టే ముందు తన కోసం గీసుకునేది, పనయ్యాక తన చేత్తోనే తుడిచేసేది. పెద్ద మేస్త్రి దగ్గర చేరిన మొదటి రెండేళ్లూ ఆయన నేర్చుకున్నది గియ్యడం కాదు, తుడవడం. గోడకి పూసిన సున్నపు గచ్చు మీద చెక్కడం పూర్తయ్యాక తడి గుడ్డతో అద్ది, ఆరనిచ్చి, మళ్లీ అద్ది, వేలి కొసతో రుద్ది. అప్పుడు పెద్ద మేస్త్రి దీపం తెచ్చి గోడకి ఆనించి పక్కవాటుగా పట్టేవాడు. పక్కవాటు వెలుతురులో చీమ నడిచిన జాడ కూడా దాగదు. ఒక్క గీత మిగిలినా “ఇంటికెళ్లి మీ అమ్మనడిగి రా, నిన్ను కళ్లతో కన్నదా, కళ్ల చోట గవ్వలు పెట్టి కన్నదా అని,” అనేవాడు. నక్షత్రం చూసేవాడిది, గీత మనది, మన గీత పరాయివాడి కంటబడితే నడిబజార్లో బట్టలు విప్పినట్టే అని ఆయన సిద్ధాంతం. అలాంటిది, ఆ బట్టలన్నీ తీసి ఈ పిల్ల ఇంత పొడుగు గోడకి ఆరేసింది.

ఆరేసిన పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. ఆ పిల్ల మీద కోపం ఎప్పుడు వచ్చింది గనక. బడి వదలగానే పుస్తకాల సంచీతో నేరుగా పనిలోకే వచ్చేది. అక్క ఆసుపత్రిలో నర్సు, సాయంత్రం డ్యూటీ, పిల్ల ఎక్కడుంటుంది మరి, తమ్ముడి దగ్గరే. సున్నం తొట్టి పక్కన కూర్చుని చెవిలో జోరీగలా ఒకటే రొద. పది దాకా అంకెలున్నాయి కదా, ఆరు మూలలే ఎందుకు, దారం ఎందుకు, స్కేలు కొనుక్కోవచ్చుగా, మసీదులో మనిషి బొమ్మ ఎందుకు వెయ్యరు, వెయ్యకపోతే ఎవరు కట్టారో ఎలా తెలుస్తుంది. తెలియకూడదనే వెయ్యరమ్మా అని చెబితే కాసేపు ఆలోచించి, మరి వాళ్లమ్మకైనా తెలుసా అంది. జోరీగ అనే పిలిచేవాడు అప్పట్నుంచి. ఇప్పుడు ముప్పై తొమ్మిదేళ్ల జోరీగ, జుట్టులో రెండు తెల్ల వెంట్రుకలు, వేళ్ల సందుల్లో రంగు, పేపర్లో ఫోటో. ఆధునిక చిత్రకళ అంటారు దాన్ని. అక్క అయితే “నా కూతురు గోడలు పాడుచేసి పేరు తెచ్చుకుంది,” అంటుంది, అంటూనే ఆ పేపరు ముక్క పర్సులో పెట్టుకు తిరుగుతుంది.

మిగతా గోడలకీ ఉన్నాయి ఆమె బొమ్మలు. ఎడమ పక్కది మేస్త్రికి ముందే తెలుసు. ఒక పెద్ద నల్లటి గుడ్డ మీద నారింజ రంగు ముక్కలు, ఒరిగిపోయి, సాగిపోయి. మొదటిసారి చూసినప్పుడు నారింజ తొక్కలా అని అడిగాడు. పిల్ల నవ్వి, కాస్త దూరం జరగమంది. జరిగితే తెలిసింది, అది పాత మదరసా వరండాలో రాతి జాలీలోంచి పొద్దున పదింటికి నేల మీద పడే ఎండ. జాలీ లేదు, వరండా లేదు, ఎండ మాత్రమే ఉంది. ఆ జాలీ విరిగిన కన్నాలు తను పూడ్చినవే. నెల రోజులు ఆ నేల మీదే పడుకుని భోంచేసి లేచాడు, ఎండ చేతుల మీద పడింది, అన్నం మీద పడింది, ఒక్కసారీ తిరిగి చూడలేదు. దాని పక్కది తేనెపట్టు. కమాను మూలల్లో మెట్లు మెట్లుగా దిగే గచ్చు గూళ్లని పనివాళ్లు తేనెపట్టు అంటారు. గూళ్లు పీకేసి వాటి నీడల్ని మాత్రం ఒకదాని కింద ఒకటి పేర్చింది, లేత బూడిద, ముదురు బూడిద, ఇంకా ముదురు. “ఉన్నది గీస్తే నీ పనికి నేను నకలు తీసినట్టు మామయ్యా. నువ్వు ఆ పని చేస్తున్నప్పుడు నీ తలలో ఏముందో అది గియ్యాలి,” అంది. నా తలలో భోజనం బెల్లు తప్ప ఏముంటుందే అన్నాడు తను. అన్నాడే గానీ ఆ రాత్రి ఇంట్లో కంచంలో నీడ ఎటు పడుతోందో చూసుకుంటూ తిన్నాడు. పిచ్చి అంటుకుంటుంది, జాగ్రత్తగా ఉండాలి.

తలుపు దగ్గరి కాపలా మనిషి వచ్చి నీళ్ల సీసా ఇచ్చాడు. గోడ వంక చూసి, “మీరేనాండీ గీసింది?” అని అడిగాడు.

“కాదయ్యా. నేను తుడిచేవాణ్ణి,” అన్నాడు మేస్త్రి. కాపలా మనిషి బకెట్ వంక చూసి అర్థమైనట్టు తలూపి వెళ్లిపోయాడు.

ఏడు. అదే అసలు గొడవ. ఆరైతే దేవుడిచ్చిన లెక్క, గుండ్రం ఎంత దారంతో గీశావో అంతే దారంతో చుట్టూ అడుగులు వేసుకుంటూ పో, ఆరో అడుగు మొదటి గుర్తు మీదే సరిగ్గా వచ్చి పడుతుంది. ఏడు అలా కాదు. గుండ్రంలో సమానమైన మూడు భుజాల బొమ్మ వేసి, ఒక భుజాన్ని దారంతో కొలిచి, దారాన్ని సగానికి మడిస్తే అది ఏడో వంతు అని పనివాళ్ల లెక్క. అడుగులు వేసుకుంటూ పోతే ఏడోది కూడా వచ్చేస్తుంది, వచ్చేసిందనే అనుకుంటాం, కానీ మొదటి గుర్తుకి కాస్త ఇవతలే ఆగిపోతుంది. పళ్లెమంత గుండ్రంలో అయితే వెంట్రుకవాసి. ఇంత గోడ మీద అయితే బొటనవేలి మందం. గుమ్మటం చుట్టుకొలతలో అయితే మూడు వేళ్లు. ఎవరు వేసినా అంతే, ఎంత మొనగాడు వేసినా అంతే, కంపాసుకీ దారానికీ ఏడు లొంగదు. లొంగినట్టు చూపించడమే మేస్త్రితనం. ఆ మూడు వేళ్లనీ ఏడుగురికీ పంచి, నక్షత్రానికి కాస్త చొప్పున నడుం లావుచేసి, ఎవడికీ తెలియకుండా కలిపెయ్యడం.

పాత మసీదు గుమ్మటంలో ఆ పంపకం జరగలేదు. అది చూసినవాళ్లు ఇద్దరే మిగిలారిప్పుడు. గుమ్మటం అడుగున చుట్టూ ఏడు నక్షత్రాల పట్టీ, ఏడొందల ఏళ్ల నాటిది, మీద ఎన్ని పొరల వెల్లసున్నమో. పగుళ్లు వచ్చి గచ్చు పెళ్లలు ఊడి పడుతుంటే బాగుచెయ్యడానికి పిలిచారు. పెద్ద మేస్త్రికి అప్పటికే మోకాళ్లు పోయాయి, కింద చాప మీద కూర్చుని అరిచేవాడు, పైన తను. పొరలు ఒక్కొక్కటే గీకుతూ పోతే లోపల ఆ మొదటి మనిషి మార్కింగు బయటపడింది. తుడవలేదు ఆయన. మొదటి నక్షత్రానికీ ఏడో నక్షత్రానికీ మధ్య నిలువుగా మూడు వేళ్ల ఖాళీ. ఆ రోజు సెలవు కాబోలు, పిల్ల కూడా పరంజా ఎక్కి తన పక్కనే ఉంది, తొమ్మిదేళ్లది, నడుముకి తాడు కట్టి ఉంచాడు. “ఇక్కడ ఏమీ లేదేం మామయ్యా?” అంది. “పాపం, ఆయనకి లెక్క తప్పిందమ్మా,” అన్నాడు. అంటూనే అరచెయ్యి దాని మీద పెట్టాడు. చెయ్యి జారిపోయింది. గవ్వతో రుద్ది రుద్ది అద్దంలా మెరుగుపెట్టి ఉంది ఆ ఖాళీ, పక్కనున్న నక్షత్రాల కన్నా నున్నగా. లెక్క తప్పినవాడు తప్పిన చోట అంత శ్రద్ధ పెట్టడు. ఆ క్షణంలోనే తెలిసింది తనకి. ఆయన దాచలేదు, అతికించలేదు, ఏడు ఇంతవరకే వచ్చింది, మిగిలింది నాది కాదు అని వదిలి, ఆ వదిలినదాన్ని అన్నిటికన్నా ముద్దుగా చూసుకున్నాడు. తెలిసీ ఏం చేశాడు తను? కిందినుంచి పెద్ద మేస్త్రి “ఏం చూస్తున్నావురా, కలిపెయ్!” అని అరిచాడు, తను కలిపేశాడు. పన్నెండు రోజులు పట్టింది. ఆఖర్న తడి గుడ్డతో తుడిచాడు కూడా.

తర్వాత ఆ పని అజమాయిషీ చేసిన ఇంజనీరుగారు టేపు పట్టుకుని పరంజా ఎక్కి, నక్షత్రం నక్షత్రం కొలిచి, దిగివచ్చి అందరి ముందూ తన చెయ్యి పట్టుకుని పైకెత్తి, “ఇది తప్పులేని చెయ్యండీ,” అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది. ముప్పై ఏళ్లుగా అదే తన పేరు, తప్పులేని మేస్త్రి. పెళ్లిళ్లలో చుట్టాలకి అదే చెప్పి పరిచయం చేశారు, పని ఇచ్చేవాళ్లు అదే చెప్పుకున్నారు, పోయే ముందు భార్య కూడా డాక్టరుతో “మా ఆయనది తప్పులేని చెయ్యండీ, సూది ఆయన్ని గుచ్చమనండి,” అని హాస్యమాడింది. అంతమంది అంత ప్రేమగా పిలిచిన పేరు లోపల గచ్చు కింద మూడు వేళ్ల ఖాళీ ఉందని ఎవరికి చెప్పుకుంటాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే బతుకైపోయింది. ఎవరైనా గుమ్మటం మెచ్చుకుంటే చాలు, మాట మార్చేవాడు. జోరీగ మాత్రం మాట మారనిచ్చే రకం కాదు, పదిహేనో ఏట ఒకసారి నోట్బుక్కులో కంపాసుతో ఏడడుగులు వేసి తెచ్చి ముందు పెట్టింది. “లెక్క తప్పింది ఆయనకి కాదు కదా మామయ్యా,” అంది. తను ఊరుకున్నాడు. పిల్ల కూడా ఊరుకుంది. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తకుండా ఎత్తకుండా ఉండి, ఇదిగో, ఇవాళ గోడకెక్కించింది.

గోడ గడియారం అయిదున్నర చూపిస్తోంది. మేస్త్రి మళ్లీ గోడ వంక చూశాడు. ఏడో అడుగు ముగిసే చోటు కుడి పక్క కింద మూలకి పడింది, బెంచీకీ దానికీ మధ్య ఒక స్తంభం అడ్డం. స్తంభం పక్కకి వంగితే కనబడుతుంది. వంగలేదు. కనబడినంత మటుకు బాగుంది, అందులో సందేహం లేదు, దారం ఎక్కడా వణకలేదు, సుద్ద ఎక్కడా చెదరలేదు. కానీ ఎందుకో మనసు దాని మీద నిలవడం లేదు. ఎండ బొమ్మ ముందు నిలబడితే చేతులు వెచ్చబడ్డాయి, తేనెపట్టు ముందు మెడ దానంతటదే పైకి లేచింది, ఇది మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు పడి ఉంది. మూసిన తలుపులా ఉంది. మనకేం తెలుసులే ఆధునిక కళ, కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకుంటూనే బకెట్ దగ్గరికి నడిచాడు. ఇంజనీరుగారు వచ్చే లోపల ఆ మూల ఒక్కటి తుడిచేస్తే చాలు. పిల్ల ఎందుకని అడగనంది. అడగకుండా చూస్తుంది కాబోలు, అదే భయం. గుడ్డ తడిపి, పిండి, స్తంభం దాటి, మోకాలు పట్టుకుని మూల దగ్గర వంగాడు.

ఖాళీ లేదు.

ఏడో అడుగు మొదటి గుర్తు మీదకి వచ్చి చక్కగా కూర్చుంది. వేలు పెట్టి చూశాడు, కళ్లజోడు పైకి కిందకీ జరిపి చూశాడు. బొటనవేలి మందం ఉండాల్సిన చోట రెండు గీతలూ అతుక్కుపోయి ఉన్నాయి. గుండె ఒక్కసారి తేలికైంది, దాచుకోవడం ఎందుకు, హమ్మయ్య అనే అనుకున్నాడు. అనుకున్న తర్వాత చెయ్యి ఊరుకోలేదు. నడిమి మేకుకి వేలాడుతున్న దారం విప్పి, మూడు భుజాల్లో కింది భుజాన్ని కొలిచి, సగానికి మడిచి, మొదటి గుర్తు దగ్గర ఒక కొస పట్టుకుని రెండో కొస చాచాడు. పిల్ల పెట్టిన గుర్తుకి ఇవతలే ఆగింది, పెసరగింజంత. తర్వాతి అడుగు రెండు పెసరగింజలు. మూడోది మూడు. పంచింది. తను గుమ్మటంలో పంచినట్టే, అచ్చం అలాగే, అడుగడుక్కీ ఇంత చొప్పున. ఎదురుగా బొమ్మ ఎందుకు ఊపిరి తియ్యడం లేదో అప్పుడర్థమైంది, తను మొద్దు కాదు, కన్ను సరిగ్గానే చెప్పింది. దాని ఊపిరి ఉండే సందుని మూసేసింది పిల్ల. తన కోసం మూసేసింది. ప్రపంచాన్నంతా ఎందుకు ఎందుకు అని పీక్కుతిన్న మనిషి, తనకి నిజమనిపించింది తప్ప గియ్యనని అక్కతో, పంతుళ్లతో, పెళ్లాడినవాడితో కూడా పోట్లాడిన మనిషి, ఈ ముసలాడి పేరు కోసం ఇంత పెద్ద గోడ మీద అబద్ధం గీసింది. గీసి, ఆ మాట చెప్పకుండా, బకెట్ కూడా పెట్టి వెళ్లింది. మేస్త్రికి కళ్లు మసకబారాయి. ఇంత ప్రేమ తన వైపు వస్తూ ఉందని తెలియకుండానే ఇన్నాళ్లు గడిపాడు. తడి గుడ్డ ఎత్తి ఏడో గీత మీద పెట్టి, అద్ది, తుడిచాడు.

మూడు గీతలు తుడిచేసరికి వెనక చీర చప్పుడైంది. పిల్ల తలుపు దగ్గరే ఆగిపోయింది. ముఖం పాలిపోయింది గానీ మాట తూలలేదు. “సరే మామయ్యా,” అంది. చెంగు దోపుకుని వచ్చి బకెట్ దగ్గర కూర్చుంది. “పై వాటికి నువ్వెక్కొద్దు. నిచ్చెన నేనెక్కుతాను.”

“అడుగుకి పెసరగింజ చొప్పున పెంచావు,” అన్నాడు మేస్త్రి.

పిల్ల చెయ్యి బకెట్ అంచు మీదే ఆగింది.

“ఎంతసేపు పట్టింది పెంచడానికి?”

“రెండు రోజులు,” అంది, తల దించుకునే. “ముందు సందు వదిలి సరిగ్గానే గీశాను. ఇంజనీరుగారు వస్తానన్నారు. ఆయన పెళ్లికెళ్లినా పందిరి కొలిచే మనిషి. చూస్తారు, అడుగుతారు, నలుగురిలో నీ ముఖం ఎలా ఉంటుందో తలుచుకుంటే నా వల్ల కాలేదు. బొమ్మ చచ్చిందని నాకు తెలుసు మామయ్యా. పోతే పోనీ. బొమ్మ ఇంకోటి వేసుకుంటాను, మామయ్య ఇంకొకడు దొరుకుతాడా?”

“నోర్ముయ్,” అన్నాడు మేస్త్రి. “సుద్ద ఎక్కడ? ఆ దారం కొస పట్టుకో. సగానికే మడువు, పిసరంత కూడా సాగదియ్యకు. పావుగంటే ఉంది.”

పిల్ల అర్థంకానట్టు చూసింది, అర్థమైంది, చెయ్యి వెనక్కితిప్పి ముక్కు తుడుచుకుంది, ముక్కుకి నీలం అంటింది. మేస్త్రి కింద, పిల్ల నిచ్చెన మీద, మధ్యలో దారం, ముప్పై ఏళ్ల కిందట సున్నం తొట్టి పక్కన కూర్చున్నప్పుడు ఎలా పట్టుకోమంటే అలా పట్టుకునేది, ఇప్పుడూ అలాగే, చెప్పకముందే బిగించి, చెప్పకముందే వదులుతోంది. మిగిలిన పాత గీతలన్నీ తుడిచేశాక కొత్తగా ఏడు గుర్తులూ పడ్డాయి. గీతలు ఒకటి, రెండు, మూడు. కాపలా మనిషి గడియారం చూసి, వీళ్లని చూసి, తలుపులు తియ్యనా వద్దా అని కాసేపు తటపటాయించి తీసేశాడు. జనం లోపలికి వచ్చి, ఇదీ ప్రదర్శనలో భాగమే కాబోలని చప్పుడు చెయ్యకుండా నిలబడ్డారు. ఆరో గీత తిప్పుతుండగా చేతికర్ర చప్పుడు దగ్గరికొచ్చింది. మేస్త్రికి వెనక్కి తిరగక్కర్లేకపోయింది. ఇంజనీరుగారు మామూలుగానే ఎవర్నీ పలకరించకుండా నేరుగా మూలకి వెళ్లి, వంగి, బొటనవేలు పెట్టి చూశాడు.

“మేస్త్రీ, ఇక్కడ ఇంత సందు మిగిలిపోయిందేమిటి?”

పిల్ల నిచ్చెన మీద బిగుసుకుపోయింది. మేస్త్రి దారం వదల్లేదు.

“ఏడుకి మిగులుతుందండీ. ఎవరు వేసినా మిగులుతుంది,” అన్నాడు. “మసీదు గుమ్మటంలో మూడు వేళ్లు మిగిల్చి, దాన్ని అద్దంలా మెరుగుపెట్టి పోయాడు ఆ మొదటాయన. నేనది చూశాను. చూసి కప్పేశాను. మీరు ఆ రోజు నా చెయ్యెత్తి తప్పులేని చెయ్యన్నది, ఆ కప్పిన చోటు కొలిచేనండీ.”

ఇంజనీరుగారు లేచి నిలబడటానికి మేస్త్రి భుజం ఆసరా తీసుకున్నాడు, ఆ భుజం మీద చెయ్యి అలాగే ఉంచాడు.

“కింద అది ఇంకా ఉందంటావా?”

“ఉంటుందండీ. పైది నా గచ్చు, మెల్లగా గీకితే ఊడుతుంది. నా మోకాళ్లు అంత ఎత్తు ఎక్కలేవు,” అన్నాడు మేస్త్రి. “ఈ పిల్ల ఎక్కుతుంది. నేను కింద చాపేసుకుని కూర్చుని అరుస్తాను.”

“ఎప్పుడు మామయ్యా?” అంది పిల్ల పైనుంచి, చిన్నప్పటి గొంతుతో.

“ముందు ఆ ఏడోది కానివ్వు,” అని మేస్త్రి దారం బిగించాడు.